జీ లీగ్‌లో నిలబడాలా, విదేశీ క్లబ్బుకు వెళ్లాలా?

2018 ఏప్రిల్ 10 రాత్రి అమెరికా అగ్ర బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టు తరఫున ఒక కొత్త ఆటగాడు కోర్టులో అడుగుపెట్టాడు. వయసు ముప్పై రెండు. అప్పటికే తల నెరుస్తోంది. పేరు ఆండ్రే ఇంగ్రమ్. ఆ రాత్రి వరకు సుమారు పదేళ్లు అతడు అంటిపెట్టుకున్నది ఎన్‌బీఏ కింద నడిచే చిన్న లీగ్‌ను, అంటే ఇప్పటి జీ లీగ్‌ను. ఆ జీతం చాలక పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పేవాడు. ఆ రాత్రి హ్యూస్టన్ మీద దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, అంటే త్రీ పాయింటర్లు, ఐదు ప్రయత్నించి నాలుగు వేశాడు. మొత్తం 19 పాయింట్లు. స్టేడియమంతా లేచి నిలబడింది.

కైల్ హైన్స్ అనే మరో ఆటగాడు ఉన్నాడు. కాలేజీ ఆట ముగిశాక 2008లో ఇటలీ రెండో డివిజన్‌లోని వెరోలి అనే చిన్న ఊరి జట్టుకు వెళ్లాడు. ఎత్తు ఆరడుగుల ఆరంగుళాలు, ఆడేది రింగు దగ్గర నిలిచే సెంటర్ స్థానంలో. ఎన్‌బీఏలో ఆ స్థానానికి ఆ ఎత్తు చాలదన్నారు. అతడు అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. యూరప్ క్లబ్బుల అగ్ర పోటీ యూరోలీగ్ టైటిల్‌ను మాత్రం నాలుగుసార్లు గెలిచాడు: ఒలింపియాకోస్‌తో 2012, 2013లో, మాస్కో సీఎస్‌కేఏతో 2016, 2019లో.

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ ముగించి, ఎన్‌బీఏ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో తన పేరు వినబడని ప్రతి ఆటగాడి ముందూ ఈ రెండు దారులే ఉంటాయి. వేసవి గడిచేలోగా తేల్చుకోవాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎన్‌బీఏ జట్టులో మీరు చేయబోయే పనిని ఒక్క వాక్యంలో చెప్పగలిగితే, జీ లీగ్‌కు ఒకటి రెండేళ్లు ఇవ్వండి. చెప్పలేకపోతే, మీకు వచ్చిన మొదటి మంచి విదేశీ ఒప్పందం మీద సంతకం పెట్టండి. ఇలా ఎందుకు అంటున్నానో, ఎవరి విషయంలో ఈ మాట చెల్లదో కింద వివరిస్తాను.

## ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ ఒక్క వాక్యం. ఎన్‌బీఏలో 30 జట్లు. ఒక్కో జట్టులో 15 మామూలు చోట్లు, ఎన్‌బీఏకూ జీ లీగ్‌కూ మధ్య తిరిగేవారికి 3 టూ-వే చోట్లు. ప్రపంచం మొత్తానికీ కలిపి 540. అందులో బంతిని చేతిలో పెట్టుకుని ఆట నడిపే పని తారలది. బయటి నుంచి వచ్చేవాడికి మిగిలేది చిన్న, నిర్దిష్టమైన పని: మూలన నిలబడి త్రీ వేయడం, ఎదుటి జట్టులోని మంచి గార్డును (బంతి నడిపే ఆటగాడిని) కాయడం, స్క్రీన్ పెట్టి (సహచరుడికి దారి ఇచ్చేలా ప్రత్యర్థికి అడ్డంగా నిలబడి) రింగు వైపు పరుగెత్తడం. కాలేజీలో మ్యాచ్‌కు ఇరవై రెండు పాయింట్లు చేసినవాడు కూడా ఈ చిన్న పనుల్లో ఏదీ చేయలేకపోవచ్చు. ఎనిమిది పాయింట్లు చేసినవాడు ఒకదాన్ని అద్భుతంగా చేయగలగవచ్చు. ఎన్‌బీఏకు కావలసింది ఆ రెండోవాడు. అలెక్స్ కరూసో అలాంటివాడే. 2016 డ్రాఫ్టులో అతడిని ఎవరూ తీసుకోలేదు. ఒక సీజన్ చిన్న లీగ్ జట్టు ఓక్లహోమా సిటీ బ్లూకు ఆడి, 2017లో లేకర్స్ టూ-వే ఒప్పందంలోకి వచ్చి, 2020లో చాంపియన్ జట్టులో సభ్యుడయ్యాడు. ఎదుటివాడిని కాయడంలో అతడికున్న పట్టే అతడిని అక్కడికి చేర్చింది.

ఆ వాక్యాన్ని మీ నాన్నగారు గానీ, మీ ఏజెంటు గానీ చెబితే సరిపోదు. మీ మీద ప్రేమా లాభమూ లేని కోచ్ ఒకరు చెప్పాలి. ప్రత్యర్థి కాలేజీ సహాయ కోచ్‌ను అడగండి. మిమ్మల్ని ఆపడానికి రాత్రంతా వీడియోలు చూసినవాడికి మీ గురించి నిజం తెలుసు.

రెండోది డబ్బు. ఎంత వస్తుందనేది తర్వాత చూద్దాం. ముందు ఎంత లేకుండా మీరు నిలబడగలరో లెక్కవేయండి. చదువు అప్పు ఉందా, ఇంట్లో మీ సంపాదన మీద ఆధారపడినవారు ఉన్నారా, బిడ్డ పుట్టబోతోందా అనేవి మీ త్రీ పాయింట్ శాతం కన్నా ముందు చూసుకోవలసిన సంగతులు.

మూడోది వయసు. ఇరవై రెండేళ్లవాడికి జీ లీగ్‌లో ఒక సంవత్సరం పెట్టుబడి లాంటిది. ఇరవై ఏడేళ్లవాడికి ఆ సంవత్సరమే ఖర్చు. సాధారణంగా ఆటగాడికి బాగా సంపాదించగల ఏళ్లు ఎనిమిదో పదో ఉంటాయి. మోకాలు ఒప్పుకుంటే పన్నెండు.

## జీ లీగ్: అందరి కళ్లూ ఉండే చోటు

2001లో ఎనిమిది జట్లతో మొదలైన ఈ లీగ్ 2024-25 నాటికి 31 జట్లకు పెరిగింది. ఎన్‌బీఏలోని ముప్పై జట్లకూ తలా ఒక అనుబంధ జట్టు ఉంది. మెక్సికో సిటీ కాపిటానెస్ మాత్రం ఎవరికీ చెందని జట్టు. సీజన్ నవంబర్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది.

జీతాలు 2023-24 సీజన్ లెక్కల్లో చెబుతాను. తర్వాత కొంచెం పెరిగినా వాటి మధ్య తేడాలు అలాగే ఉన్నాయి. మామూలు జీ లీగ్ ఒప్పందానికి సీజన్ మొత్తానికి 40,500 డాలర్లు, వసతి, ఆరోగ్య బీమా. ఆ మెట్టు పైన ఎగ్జిబిట్ 10 అనే ఒప్పందం ఉంది. ఎన్‌బీఏ జట్టు శిక్షణ శిబిరానికి పిలిచి, వదిలేశాక, మీరు దాని అనుబంధ జట్టులో 60 రోజులు ఉంటే 75,000 డాలర్ల వరకు బోనస్ ఇవ్వవచ్చు. దాని పైన టూ-వే: 5,59,782 డాలర్లు. ఏడాదిలో 50 ఎన్‌బీఏ మ్యాచ్‌ల వరకు జట్టులో ఉండవచ్చు. ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) ఆడాలంటే మాత్రం ఒప్పందాన్ని మామూలు ఒప్పందంగా మార్చాలి. జనవరి 5 నుంచి పది రోజుల ఒప్పందాలు మొదలవుతాయి. కొత్త ఆటగాడికి ఆ పది రోజులకు 64,343 డాలర్లు. అంటే ఎన్‌బీఏ బెంచీ మీద పది రోజులు కూర్చుంటే జీ లీగ్ సీజన్ మొత్తం జీతం కన్నా ఎక్కువ వస్తుంది.

ఆటగాళ్లను అక్కడ పట్టి ఉంచేది ఈ అగాధమే. ఒక్క ఫోను చాలు కదా అనిపిస్తుంది. ఆ ఆశకు ఆధారం కూడా ఉంది. మామూలు జీ లీగ్ ఒప్పందంలో ఉన్నవాడిని ముప్పై జట్లలో ఏదైనా పిలుచుకోవచ్చు. మీరు ఆడే జట్టు మాతృసంస్థకు మీ మీద ఎన్‌బీఏ హక్కులేమీ ఉండవు. టెక్సాస్‌లో ఆడుతున్నవాడిని మయామి రేపు ఉదయమే పిలవవచ్చు. టూ-వేలో ఉన్నవాడికి ఈ స్వేచ్ఛ లేదు, అతడు సంతకం పెట్టిన జట్టుకే కట్టుబడి ఉంటాడు. డిసెంబర్‌లో జట్లన్నీ ఒకేచోట ఆడే వింటర్ షోకేస్ ఉంటుంది. అక్కడ ప్రతి ఎన్‌బీఏ జట్టు నుంచీ చూసేవాళ్లు వస్తారు. జొనాథన్ సిమన్స్ 2013లో 150 డాలర్ల ప్రవేశ రుసుము కట్టి ఆస్టిన్ జట్టు ట్రైఅవుట్‌కు (ఎంపిక పరీక్షకు) వెళ్లాడు. 2015లో శాన్ ఆంటోనియో స్పర్స్‌కు ఆడాడు.

ఇక చాలామందికి ముందు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. జీ లీగ్ జట్టు అక్కడ ఉన్నవారందరి కోసం నడవదు. మాతృజట్టు డ్రాఫ్టు చేసిన పిల్లలకు ఆట సమయం ఇవ్వడానికి నడుస్తుంది. పాస్కల్ సియాకమ్ మొదటి రౌండులో ఎంపికైనవాడు. టొరంటో రాప్టర్స్ అతడిని తమ అనుబంధ జట్టు రాప్టర్స్ 905కు పంపితే 2017లో ఫైనల్స్ ఉత్తమ ఆటగాడయ్యాడు. అలాంటివాడు దిగిన రోజు ముందు అతడికి, తర్వాత టూ-వే వాళ్లకు నిమిషాలు దక్కుతాయి. నిన్న 30 నిమిషాలు ఆడిన మీకు ఇవాళ 11 మిగలవచ్చు. కోచ్‌కు మీ మీద కోపం ఉండదు, అతడికి వచ్చిన ఆదేశం అది. మీరు బాధ్యతగా ఆడిన మ్యాచ్‌లన్నీ మరొకరి శిక్షణలో భాగం. ఈ సంగతి ముందే గ్రహించి, తమ పదకొండు నిమిషాల్లో ఆ ఒక్క వాక్యాన్ని మాత్రమే ఆడి చూపించినవాళ్లు పైకి వెళ్తారు. ఆ పదకొండు నిమిషాల్లో పన్నెండు షాట్లు వేసినవాళ్లు మర్చిపోబడతారు.

ఆట తీరు గురించి ఒక మాట. మ్యాచ్ 48 నిమిషాలు, ఎన్‌బీఏ కొలతలే. ఫ్రీ త్రోలు మాత్రం 2019-20 నుంచి వేరు: చివరి రెండు నిమిషాలు తప్ప, రెండు పాయింట్ల ఫౌలుకు రెండు త్రోల బదులు ఒకటే వేయిస్తారు, అది పడితే రెండు పాయింట్లు. జట్టు సభ్యులు వారం వారం మారుతుంటారు కాబట్టి వ్యూహాలు సరళంగా ఉంటాయి, వేగం ఎక్కువ. పాయింట్లు ధారాళంగా వస్తాయి. అందుకే జీ లీగ్ సగటు చూసి ఎవరూ మోసపోరు.

## విదేశం అనేది ఒక్క చోటు కాదు

"విదేశాల్లో ఆడుతున్నాడు" అనే మాట కింద రెండు వేర్వేరు జీవితాలు దాగి ఉన్నాయి. ఒకటి యూరోలీగ్ క్లబ్బు: పెద్ద నగరం, వేలమంది పాడే అభిమానులు, లక్షల డాలర్లలో జీతం, పేరున్న వైద్య బృందం. రెండోది చిన్న లీగ్‌లో చిన్న ఊరు: నెలకు రెండు మూడు వేల డాలర్లు, వేడినీళ్లు సరిగా రాని వ్యాయామశాల, జట్టులో ఇంగ్లిష్ వచ్చినవాళ్లు ఇద్దరు. వీటి మధ్య స్పెయిన్, టర్కీ, ఇటలీ, జర్మనీ, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ లీగ్‌లు, ఆసియాలో చైనా, జపాన్, కొరియా లీగ్‌లు, ఆస్ట్రేలియా ఎన్‌బీఎల్ ఉన్నాయి. మొదటి ఏడాదే యూరోలీగ్‌కు వెళ్లేవాళ్లు బహు కొద్దిమంది. అందరూ మెట్లు ఎక్కాలి. మైక్ జేమ్స్ 2012లో ఎవరూ ఎంచుకోని ఆటగాడిగా క్రొయేషియాలో మొదలుపెట్టాడు. యూరోలీగ్ చరిత్రలోకెల్లా ఎక్కువ పాయింట్లు చేసినవాడయ్యాడు.

జీతం అంకెను నేరుగా పోల్చకండి. విదేశీ ఒప్పందంలో సాధారణంగా చెప్పేది చేతికి వచ్చే మొత్తం. ఆ దేశపు పన్ను క్లబ్బు కడుతుంది. అపార్ట్‌మెంటు, చాలాచోట్ల కారు, రానూపోనూ విమాన టిక్కెట్లు అదనం. ఏజెంటు రుసుము సుమారు పది శాతం, అది కూడా ఎక్కువగా క్లబ్బే చెల్లిస్తుంది. అందువల్ల నెలకు ఎనిమిది వేల డాలర్ల ఒప్పందం తొమ్మిది నెలలకు 72,000. అందులో అద్దె ఖర్చు లేదు. జీ లీగ్ 40,500 మీద మాత్రం అమెరికా పన్ను పడుతుంది. మధ్యస్థాయి యూరప్ క్లబ్బులో మూడు సీజన్లు బాగా ఆడినవాడు ఇల్లు కొనుక్కోగలడు. జీ లీగ్‌లో మూడు సీజన్లు ఆడి పైకి వెళ్లనివాడు కొనలేడు.

విదేశీ ఆటగాడిగా మీ స్థానం ఏమిటో అర్థం చేసుకోవాలి. దాదాపు ప్రతి లీగ్‌లోనూ విదేశీయుల సంఖ్యకు పరిమితి ఉంది. జర్మనీ మొదటి డివిజన్‌లో పన్నెండుమంది జట్టులో ఆరుగురు జర్మన్లు ఉండాలి. జపాన్‌లో చాలా ఏళ్లు విదేశీయులు ఇద్దరికి మించి ఒకేసారి కోర్టులో ఉండకూడదన్న నిబంధన నడిచింది. చోట్లు తక్కువ కాబట్టి ఒక్కొక్కరి మీదా భారం ఎక్కువ. స్థానిక కుర్రవాడు చెడ్డ నెల గడపవచ్చు. మీరు రెండు చెడ్డ వారాలు గడిపితే క్లబ్బు ఫోను మీ ఏజెంటుకు కాకుండా మరొకరి ఏజెంటుకు వెళ్తుంది.

కొరియాలో 2018లో జరిగినది ఈ పరాధీనతకు నిలువెత్తు ఉదాహరణ. ఆ లీగ్ పొడవైన విదేశీ ఆటగాడికి 200 సెంటీమీటర్ల పరిమితి పెట్టింది. డేవిడ్ సైమన్ ఎత్తు 202. ఆ సీజన్‌లో లీగ్‌లోకెల్లా ఎక్కువ పాయింట్లు చేసినవాడే వెళ్లిపోవలసి వచ్చింది. చార్లెస్ రోడ్స్ మళ్లీ కొలత కోసం వచ్చాడు. గోడకు వీపు ఆనించి నిలబడితే కొలబద్ద 199.2 చూపింది. ఆ ఎనిమిది మిల్లీమీటర్ల వల్ల అతడి ఉద్యోగం నిలిచింది, అతడు అక్కడికక్కడే సంబరపడ్డాడు. మరుసటి ఏడాది ఆ నిబంధన ఎత్తివేశారు. సైమన్ పోగొట్టుకున్న సీజన్ మాత్రం తిరిగి రాదు.

జీతం ఆలస్యం గురించి తప్పక చెప్పాలి. కొన్ని దేశాల్లో అది రోజువారీ సంగతి. నవంబర్ జీతం జనవరిలో, జనవరి జీతం ఎప్పుడో. ఈ బాధ ఎంత విస్తృతమంటే, దాని కోసమే 2007లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఒక మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్‌ను స్థాపించింది. ఇప్పుడు దాని పేరు బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్, పొట్టిగా బీఏటీ. విచారణ ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది, సాధారణంగా ఒకే మధ్యవర్తి తీర్పు చెబుతాడు. తీర్పు పాటించని క్లబ్బు కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా సమాఖ్య నిషేధించగలదు. ఇదంతా మీకు వర్తించాలంటే ఒప్పందంలో ఆ ట్రిబ్యునల్ నిబంధన రాసి ఉండాలి. లేకపోతే ఆ దేశపు కోర్టుకు, ఆ దేశపు భాషలో వెళ్లాలి.

## ఆట కూడా మారుతుంది

అంతర్జాతీయ నిబంధనల్లో మ్యాచ్ 40 నిమిషాలు, ఐదు ఫౌళ్లకు బయటికి. త్రీ గీత 6.75 మీటర్లు, ఎన్‌బీఏలో 7.24. డిఫెన్స్‌కు మూడు సెకన్ల నిబంధన లేదు. కాబట్టి పొడవైనవాడు రింగు కిందే నిలబడి ఉండగలడు. రింగు వైపు దూసుకెళ్లి బతికే అమెరికన్ గార్డుకు మొదటి నెలంతా గోడకు తల కొట్టుకున్నట్టే ఉంటుంది.

ఒక దృశ్యం ఊహించుకోండి. షాట్ రింగును తాకి పైకి లేచింది. అమెరికన్ సెంటర్ వీపుతో ప్రత్యర్థిని వెనక్కి నెట్టి, మోకాళ్లు వంచి, బంతి రింగు దాటి కిందికి దిగే క్షణం కోసం ఎదురు చూస్తున్నాడు. పదిహేనేళ్లుగా నేర్చుకున్నది అదే. ఆ లోపు పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి రింగు మీదే గంతులేస్తున్న బంతిని తట్టేస్తుంది. ఈల మోగదు. రింగును తాకాక దాన్ని ఎవరైనా తాకవచ్చు. బెంచీ మీద కోచ్ చేతులు చాచి మీ వైపే చూస్తుంటాడు. తొలి డ్రిబుల్‌కు ముందే కాలు కదిలిందని ట్రావెలింగ్ పిలవడం కూడా అంతే, మొదటి నెలలో మ్యాచ్‌కు రెండు మూడు తప్పవు.

వారానికి ఒకటో రెండో మ్యాచ్‌లు, రోజుకు రెండు పూటల సాధన. ఆట చదవడం, స్క్రీన్ల మధ్య పాస్ ఇవ్వడం, ఒక్కో దాడి విలువ తెలుసుకోవడం అక్కడ బాగా వస్తాయి. నా దృష్టిలో ఆటగాడిగా ఎదగడానికి జీ లీగ్ కన్నా యూరప్ మంచి బడి. ఎన్‌బీఏ కంటపడటానికి జీ లీగ్ మంచి కిటికీ.

| అంశం | జీ లీగ్ మామూలు ఒప్పందం | టూ-వే | మధ్యస్థాయి యూరప్ క్లబ్బు | చిన్న విదేశీ లీగ్ |
|---|---|---|---|---|
| డబ్బు | 40,500 డాలర్లు, వసతి | 5,59,782 డాలర్లు | నెలకు అనేక వేలు చేతికి, ఇల్లు, కారు | నెలకు రెండు మూడు వేలు |
| జీతం వేళకు వస్తుందా | వస్తుంది | వస్తుంది | క్లబ్బును బట్టి | అనుమానమే |
| ఎన్‌బీఏ పిలిస్తే | ఏ జట్టుకైనా వెళ్లవచ్చు | ఆ జట్టుకే | బైఅవుట్ (ఒప్పందం మధ్యలో విడిపించుకోవడానికి కట్టే సొమ్ము), సీజన్ తేదీలు అడ్డు | చాలా అరుదు |
| జట్టులో మీ పాత్ర | పైనుంచి వచ్చినవారి తర్వాత | ముందు వరుస | ముఖ్యుడు | అంతా మీరే |
| సీజన్ | సుమారు ఐదు నెలలు | ఎన్‌బీఏ సీజన్ | తొమ్మిది, పది నెలలు | ఆరు నుంచి తొమ్మిది నెలలు |

## తిరిగి వచ్చే దారి ఉందా

ఉంది, ఇరుకైనది. పీజే టకర్ 2006లో టొరంటోకు ఎంపికై, ఒక సీజన్ కూడా పూర్తికాకుండానే బయటికి వచ్చాడు. తర్వాత ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీ. 2008లో హపోయెల్ హోలోన్‌తో ఇజ్రాయెల్ టైటిల్, 2012లో బాంబర్గ్‌తో జర్మన్ టైటిల్ గెలిచాడు. ఆ వేసవిలోనే ఫీనిక్స్ పిలిచింది. 2021లో మిల్వాకీతో ఎన్‌బీఏ చాంపియన్. కాలేజీలో రింగు దగ్గర ఆడిన పొట్టి ఫార్వర్డ్, ఆ ఐదేళ్లలో ఎదుటి జట్టులో ఎవరినైనా కాయగలవాడిగా మారాడు. విదేశం అతడికి ఆ ఒక్క వాక్యాన్ని ఇచ్చింది.

దారి ఇరుకు కావడానికి కారణం క్యాలెండర్. ఎన్‌బీఏ జట్లకు ఆటగాళ్లు కావలసింది జనవరి నుంచి మార్చి వరకు. ఆ నెలల్లో యూరప్‌లో ఉన్నవాడు ఒప్పందంలో ఇరుక్కుని ఉంటాడు. పది రోజుల పని కోసం ఎవరూ బైఅవుట్ కట్టరు. యూరప్ ఆటగాడికి అసలైన తలుపు జూలైలో లాస్ వేగాస్ సమ్మర్ లీగ్.

జీ లీగ్ వైపు తలుపు కూడా పూర్తిగా మూసుకోదు. జీ లీగ్‌లో ఆడి విదేశానికి వెళ్లినవాడి మీద ఆ జట్టుకు రెండు సీజన్ల పాటు తిరిగి ఆడించుకునే హక్కు ఉంటుంది. ఏప్రిల్‌లో జీ లీగ్ ముగిశాక ప్యూర్టో రికో లీగ్‌లోనో, 2019లో మొదలైన కెనడా లీగ్ సీఈబీఎల్‌లోనో వేసవి గడపవచ్చు. 40,500తో నెగ్గుకొచ్చేవాళ్లలో చాలామంది లెక్క ఇలాగే కుదురుతుంది.

## ఎవరికి ఏది

ఆరడుగుల ఆరంగుళాల ఎత్తు, నలభై శాతం దగ్గర త్రీలు, కాళ్లలో చురుకు ఉన్న ఇరవై రెండేళ్ల ఫార్వర్డ్: జీ లీగ్. మరో ఆలోచన వద్దు. ఎగ్జిబిట్ 10 వస్తే ఇంకా మంచిది. రెండు సీజన్లు ఇవ్వండి. రెండో ఏడాది జనవరి నుంచి మార్చి లోపు ఒక్క పది రోజుల పిలుపు కూడా రాకపోతే ఏప్రిల్‌లో ఏజెంటుతో యూరప్ మాట్లాడండి. ఆ తేదీని ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఆశ మనిషిని ప్రతి ఏప్రిల్‌లోనూ ఇంకొక్క ఏడాది అని బతిమాలుతుంది.

ఆరడుగుల గార్డు, బంతి చేతిలో ఉంటేనే రాణించేవాడు: విదేశం. ఆ ఆటకు యూరప్‌లో విలువ ఉంది, ఎన్‌బీఏలో ఆ పనికి తారలున్నారు.

ఎత్తు చాలని సెంటర్: హైన్స్ దారి. ఇందులో నాకు సందేహం లేదు.

ఇంటి భారం ఉన్నవాడు: టూ-వే వస్తే టూ-వే. లేకపోతే జీతం వేళకు ఇస్తుందని పేరున్న విదేశీ క్లబ్బు, అంకె కొంచెం తక్కువైనా సరే. చిన్న కాలేజీ నుంచి వచ్చి ఏజెంటు కూడా లేనివాడి సంగతి వేరు. అతడికి మొదట ఎదురయ్యేది చిన్న విదేశీ లీగ్ లేదా జీ లీగ్ స్థానిక ట్రైఅవుట్. నా సలహా చిన్న లీగ్. అక్కడ మ్యాచ్‌కు 35 నిమిషాలు ఆడిన వీడియో చేతికొస్తుంది, పై మెట్టు క్లబ్బు అడిగేది దాన్నే.

తాత ముత్తాతల వల్ల యూరప్ దేశపు పాస్‌పోర్టుకు అర్హత ఉన్నవాళ్లు ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఆ దరఖాస్తు పెట్టండి. విదేశీ కోటా నుంచి బయటపడితే అదే ఆటకు ఎన్నో రెట్లు ఎక్కువ ద్వారాలు తెరుచుకుంటాయి.

ఒంటరితనాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రెండు సాధనల మధ్య మధ్యాహ్నం నాలుగు గంటలు, బయట వాన, ఇంట్లోవాళ్లు నిద్రలో ఉన్న వేళ. కొందరు ఆ గంటల్లో భాష నేర్చుకుంటారు. కొందరు క్రిస్మస్‌కు ఇంటికి వచ్చి తిరిగి వెళ్లరు. కాలేజీ కోసం ఇల్లు వదిలినప్పుడు మీరు ఎలా ఉన్నారో గుర్తు చేసుకోండి. అదే మీకు దగ్గరి ఆనవాలు.

మహిళల సంగతి పూర్తిగా వేరు. మహిళల అగ్ర లీగ్ డబ్ల్యూఎన్‌బీఏకు జీ లీగ్ లాంటి అనుబంధ లీగ్ లేకుండానే దశాబ్దాలు గడిచాయి. జట్టులో చోటు దొరకనివారికి విదేశమే దారి, చోటు దొరికినవారు కూడా చలికాలం అక్కడే ఆడేవారు. 2025లో మయామిలో మొదలైన అన్‌రైవల్డ్ లీగ్ ఆ పరిస్థితిని తారల వరకు మార్చింది.

## సంతకానికి ముందు వేలు పెట్టి చదవవలసిన చోట్లు

ఒప్పందం చదివేటప్పుడు జీతం పేజీని చివరికి ఉంచండి. మొదట "గ్యారంటీ" అన్న మాట ఎక్కడుందో, దాని వెనకాల "వైద్య పరీక్షలో నెగ్గితే" అన్న షరతు ఎప్పటిదాకా ఉందో చూడండి. క్లబ్బుకు చేరిన రెండు మూడు రోజుల్లో పరీక్ష ముగిసి షరతు తొలగిపోవాలి. శిక్షణ శిబిరం చివరి వరకు పరిశీలన కాలం అని ఉంటే అది ఒప్పందం కాదు, ట్రైఅవుట్.

జీతం ఇన్ని రోజులు ఆలస్యమైతే సాధన మానవచ్చు, ఇన్ని రోజులు దాటితే మొత్తం జీతానికి హక్కు ఉంటూనే క్లబ్బు వదిలి వెళ్లవచ్చు అనే వాక్యం స్పష్టంగా ఉండాలి. వదిలి వెళ్లాక మరో దేశంలో ఆడాలంటే పాత దేశపు సమాఖ్య నుంచి క్లియరెన్స్ లేఖ కావాలి. దాన్ని ఆపబోమని కూడా రాయించండి. ఎన్‌బీఏ పిలిస్తే వెళ్లే వీలు, ఏ తేదీ వరకు, ఎంత కట్టి అన్నది ఏజెంటుతో ముందే తేల్చుకోండి. గాయమైతే శస్త్రచికిత్స ఎవరి వైద్యుడి చేత, ఎవరి ఖర్చుతో అన్నది కూడా.

పన్నులో ఒక కిటుకు ఉంది. అమెరికా పౌరుడు ఎక్కడ సంపాదించినా అమెరికాకు లెక్క చెప్పాలి. విదేశీ సంపాదనలో 2024లో 1,26,500 డాలర్ల వరకు మినహాయింపు ఉంది. దాన్ని పొందే ఒక దారి పన్నెండు నెలల్లో 330 పూర్తి రోజులు విదేశాల్లో ఉండటం. జూన్‌లో ఇంటికి వచ్చి సెప్టెంబర్ దాకా ఉండే ఆటగాడికి ఆ లెక్క ఎన్నటికీ కుదరదు, ఇంట్లో ఉండగలిగేది 35 రోజులే. విదేశంలో నివాసం రుజువు చేసుకోవడం, అక్కడ కట్టిన పన్నుకు అమెరికాలో తగ్గింపు పొందడం వంటి వేరే మార్గాలున్నాయి. వాటికి క్లబ్బు పన్ను కట్టిన రసీదులు కావాలి. ఆ రసీదులు ఏటా ఇస్తామని ఒప్పందంలోనే రాయించుకోండి. సీజన్ అయ్యాక అడిగితే ఎవరూ ఫోను ఎత్తరు.

చివరగా మీ మందుల పెట్టె. అమెరికాలో ఏకాగ్రత లోపానికి వైద్యుడు రాసిచ్చే ఆడెరాల్ జపాన్‌లోకి తీసుకెళ్లడం నేరం. 2022 ఫిబ్రవరిలో డబ్ల్యూఎన్‌బీఏ తార బ్రిట్నీ గ్రైనర్ మాస్కో విమానాశ్రయంలో గంజాయి నూనె ఉన్న వేప్ కార్ట్రిడ్జ్‌లతో పట్టుబడి డిసెంబర్ వరకు నిర్బంధంలో ఉన్నారు. ఆ దేశపు రాయబార కార్యాలయం వెబ్‌సైటులో మీ ప్రతి మందు పేరూ సరిచూసుకుని, అనుమతి పత్రం చేతికి వచ్చాకే టిక్కెట్ తీసుకోండి.